ఎరుపు లేని విమానం

మా నాన్నకి చూపు ఎంత మిగిలిందో కనిపెట్టడానికి ఆ ఏడాది నేనొక పద్ధతి పెట్టుకున్నాను. పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిచ్చి, ఆయన కుర్చీకి ఎదురుగా గోడకి వేలాడుతున్న క్యాలెండరు వైపు చూపించి, "ఇవాళ తేదీ ఎంత నాన్నా?" అనేదాన్ని. చర్చిలో ఇచ్చిన క్యాలెండరు అది. రోజుకో కాయితం చింపాలి. అంకె అరచెయ్యంత ఉంటుంది, దాని కింద బైబిలు వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటుంది. నాన్న మెడ కాస్త పక్కకి వంచి, కళ్ళు చిట్లించి, అంకె చెప్పేవాడు. ఒక్కరోజు కూడా తప్పు చెప్పలేదు. హమ్మయ్య, ఇంకో రోజు గడిచింది అనుకొని, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ బడికి పరిగెత్తేదాన్ని.

పర్చూరుకి నాలుగు మైళ్ళ దూరం మా ఊరు. నేను ఊళ్ళోనే ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. నాన్న కూడా టీచరే, మిషన్ బళ్ళో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. అమ్మ పోయాక ఇంట్లో ఇద్దరమే. నాకు అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు, పెళ్ళి కాలేదు. నా నోటికి జడిసి ఎవరూ చేసుకోలేదని మా బంధువులు అనుకునేవాళ్ళు. వాళ్ళ మాట పూర్తిగా అబద్ధమేం కాదు.

క్రిస్మస్ వెళ్ళిన రెండు వారాలకి ఆయన్ని గుంటూరులో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. శుక్లాలు అయ్యుంటాయి, తీయించేస్తే సరిపోతుందనుకున్నాను. డాక్టరు దీపం వేసి చాలాసేపు చూశాడు. శుక్లాలు కాదు, నీటికాసులు, కంటినరాన్ని తినేసే జబ్బు అన్నాడు. ఎడమకన్ను ఎప్పుడో పోయిందట, మేమే గమనించలేదు. కుడికంట్లో నడిమధ్య కాస్త మిగిలింది.

"పోయిన చూపు తిరిగి రాదమ్మా. ఉన్నది నిలబెట్టడానికి ఆపరేషన్ చెయ్యొచ్చు. ఒక్కోసారి ఆ ఉన్నది కూడా పోతుంది. ముందే చెబుతున్నాను. చెయ్యదలుచుకుంటే మాత్రం ఆలస్యం చెయ్యకండి," అన్నాడు.

చుక్కల మందు రాసిచ్చాడు. నేను ఆ వారమే చేయిద్దామన్నాను. నాన్న ఒప్పుకోలేదు. "మా అమ్మాయికి ఎండాకాలం సెలవులిచ్చాక వస్తామండీ" అని డాక్టరుకి దణ్ణం పెట్టి లేచాడు. బళ్ళో సెలవు పెడతానని నేను మెట్ల మీద, బస్టాండులో, బస్సులో గొడవ పెట్టుకుంటూనే ఉన్నాను. చిలకలూరిపేట దాటాక ఆయన నోరు విప్పాడు.

"అల్మారా మీద పెట్టె ఉంది కదా. అది దించు. ఆపరేషన్ లోపు ఆ విమానం కట్టేద్దాం."

ఆ పెట్టె మా ఇంటికొచ్చి అప్పటికి రెండేళ్ళు. నాన్న దగ్గర లెక్కలు నేర్చుకొని ఓడలో పనికి కుదిరిన ఒకాయన, సెలవుకొచ్చినప్పుడు "మీకేం తెమ్మంటారు మాస్టారూ" అని అడిగితే, మా నాన్న గొడుగో వాచీయో అడక్కుండా, రెండో ప్రపంచయుద్ధం నాటి లిబరేటర్ అనే బాంబర్ విమానం బొమ్మ ఎక్కడన్నా దొరుకుతుందేమో చూడమన్నాడు. ఆయన పాపం సింగపూరులో వెతికి పట్టుకొచ్చాడు. తీరా చూస్తే అది విమానం కాదు, విమానం ముక్కలు. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలకి కాయల్లాగా అంటుకొని వందకి పైగా ముక్కలు. ఒక్కొక్కటీ కోసుకొని, గీకి, అతికించి, రంగులు మనమే వేసుకోవాలి. కళ్ళద్దాలు మార్చుకున్నాక చేస్తాలే అని నాన్న దాన్ని అల్మారా ఎక్కించాడు. కళ్ళద్దాలు మారాయి, పెట్టె అక్కడే ఉండిపోయింది.

ఆ విమానంతో నాన్నకున్న సంబంధం గురించి మాకు తెలిసింది తక్కువ. పందొమ్మిదేళ్ళప్పుడు, యుద్ధం చివర్లో, ఏడాదిన్నర పాటు బెంగాల్లో ఒక ఎయిర్‌ఫీల్డులో పనిచేశాడు. పైలట్ కాదు, మెకానిక్ కూడా కాదు. బాంబర్ విమానం పొట్ట కింద బాంబులు జారవిడిచే తలుపులు ఉంటాయి. మిగతా విమానాలకి అవి కిందికి తెరుచుకునేవట. లిబరేటర్‌కి మాత్రం కొట్టు షట్టరులాగా పక్కలకి చుట్టుకుంటూ పైకి పోయేవి. ఆ షట్టర్లు జారే గాడుల్లో దుమ్మూ బురదా పేరుకుంటే తలుపు సగంలో బిగుసుకుపోయేది. కిరసనాయిలు గుడ్డతో ఆ గాడులు తుడవడం మా నాన్న పని. ఏడాదిన్నరా అదే పని. ఒక్కసారి కూడా ఎక్కి ఎగిరింది లేదు. "మాస్టారు మిలట్రీలో చేశారంట కదా" అని ఊళ్ళో ఎవరన్నా అంటే, "గుడ్డపీలికతో చేశాను" అని నవ్వేసేవాడు.

పెట్టె దించాను. ఆ రోజు నుంచి నాకున్నది ఒకే ఒక్క లెక్క. ఏప్రిల్ ఆఖరుకి ఆపరేషన్. అది వికటిస్తే ఆయన ఇక ఏదీ చూడడు. అందుకని అంతకుముందే విమానం పూర్తయి, రంగులతో సహా, ఆయన కంటి ముందు ఉండాలి. ఆయన చూడాలి. చేసేది నేను, నాకేమో సూదిలో దారం ఎక్కించడం, చార్టుల మీద ఆవు బొమ్మలు వెయ్యడం తప్ప ఇంకో చేతిపని రాదు.

బడి నుంచి రాగానే వరండాలో చాప వేసి కూర్చునేదాన్ని. గెడ్డం బ్లేడు, గోళ్ళు రాసుకునే ఆకురాయి, ముళ్ళు తీసే పటకారు, సేఫ్టీపిన్ను, ఇవే నా సామాను. పెట్టెలో ఇచ్చిన గమ్ము రెండేళ్ళలో రాయైపోతే, సైకిలు షాపు నుంచి చిటికెలో అంటుకునే గమ్ము తెచ్చాను. నాన్న కుర్చీ చాప పక్కకి లాక్కునేవాడు. చేసినంతసేపూ పరీక్షలు పెట్టేవాడు.

"చేతిలో ఉన్నదేంటో చెప్పు."

"ఇంజను మూత. మూడో నంబరు."

"ఎక్కడుంటుంది?"

"కుడి రెక్కకి, లోపలి వైపు."

"ఇటివ్వు."

అరచేతిలో పెడితే, బొటనవేలితో చుట్టూ రాసి చూసేవాడు. "అంచుకి పీచు మిగిలింది, గీకు" అని తిరిగిచ్చేవాడు. గీకితే నిజంగానే పీచు ఉండేది. కాయితం మీద సూచనలు కూడా నన్నే పైకి చదవమనేవాడు. "నేనేమన్నా రెండో తరగతి పిల్లనా? నువ్వే చూసుకోవచ్చుగా" అని విసుక్కునేదాన్ని. "నువ్వు సరిగ్గా చదువుతున్నావో లేదో ఎవరు చూడాలి?" అనేవాడు. ముప్పై ఏళ్ళు పంతులుగిరీ చేసిన మనిషి, ఇంకెలా మాట్లాడతాడులే అనుకున్నాను.

ఫిబ్రవరి అయ్యేసరికి పొట్ట, రెక్కలు కలిశాయి. తోక దగ్గర గుండ్రటి పలకలు రెండు నిలబెట్టాలి. ఒకటి నిటారుగా నిలబడితే రెండోది వాలిపోయేది. మూడు సాయంత్రాలు పట్టింది. ఆ మూడు సాయంత్రాలూ అన్నిటికీ భయమే. చుక్కలమందు రోజుకి రెండుసార్లు వెయ్యాలి, నేను బళ్ళో ఉంటే ఆయన వేసుకున్నాడో లేదో. కరెంటు పోతే పని ఆగిపోతుంది. ఒక ముక్క చాప సందులో జారిపోతే దాని కోసం ఇల్లంతా ఊడ్చాను, చివరికి అది నా పైట అంచుకే అతుక్కొని ఉంది. రోజు గడిచిందంటే ఆయన కంట్లో వెలుతురు ఒక పిసరు తగ్గుతుందనే ఊహ ఒకటి పట్టుకుంది నన్ను. క్యాలెండరు కాయితం చింపేటప్పుడల్లా ఆ కంటినే చింపుతున్నట్టు అనిపించేది.

నాన్నకి షట్టర్ల మీద ఉన్న పట్టింపు ఇంజన్ల మీద కూడా లేదు. పెట్టెలో తలుపులు మూసినట్టు అతికించే ముక్కలే ఇచ్చారు. ఆయన తెరిచే పెట్టమన్నాడు. బ్లేడుతో కోసి, పక్కలకి జరిపి, పిన్ను మొనతో అడ్డగీతలు గీశాను. గాడులకి స్టాప్లర్ పిన్నులు సాగదీసి అతికించాను.

"ఇటు చివర కొంచెం వంపు తిరగాలి," అన్నాడు వేలితో తడిమి. "సరిగ్గా అక్కడే ఇరుక్కునేది బురద. గోరు పెట్టి తీసేవాణ్ణి. ఆ వేలికి గోరు ఎప్పుడూ ఉండేది కాదు."

ఇంకో రోజు, వాడి వీపు మీద నుంచి తోక పలకలకి సన్నటి వైర్లు ఉండేవని గుర్తు చేసుకున్నాడు. వాడు అంటే విమానం. దువ్వెనలోంచి నా తలవెంట్రుక ఒకటి తీసి, బిగించి కట్టాను. "ఏం వాడావు?" అంటే చెప్పాను. చాలాసేపు నవ్వాడు. ఆ నవ్వు విన్న సాయంత్రం ఒక్కటే నేను భయపడకుండా అన్నం తిన్నాను.

ముక్కు దగ్గర అద్దంలాంటి ముక్క ఉంది, బాంబులు గురిచూసే మనిషి కూర్చునే చోటు. దాన్ని గమ్ముతో అతికించి పక్కన పెట్టి, కాసేపాగి చూస్తే తెల్లగా పొగపట్టినట్టు అయిపోయింది. ఆ గమ్ము ఆవిరికి అద్దం మసకబారుతుందని నాకెవరు చెప్పారు? ఏడుపొచ్చింది. పళ్ళపొడి గుడ్డకి అద్దుకొని ఒక గంట రుద్దితే కొంత వదిలింది, కొంత వదల్లేదు. భయం భయంగా నాన్న చేతికిచ్చాను. పైకెత్తి, వెలుతురుకి పెట్టి, "అద్దం బాగా కుదిరింది" అన్నాడు. నా మనసు నొప్పించడం ఇష్టం లేక అలా అన్నాడనుకున్నాను. ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత, విమానం ఏ దేశానిదో తెలిపే గుర్తుల సంగతి వచ్చింది. రెక్కల మీద రెండు, పొట్టకి అటొకటి ఇటొకటి, మొత్తం నాలుగు గుండ్రాలు. నీళ్ళలో నానబెట్టి కాయితం మీద నుంచి జార్చి అతికించాలి. "ఎలా ఉన్నాయి?" అన్నాడు నాన్న. "చుట్టూ నీలం, లోపల తెలుపు, మధ్యలో ఎర్రచుక్క" అని చెప్పానో లేదో, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఎరుపా? ఎరుపు వద్దు! మావైపు ఎరుపు ఉండేది కాదు. జపానోళ్ళ విమానం మీద ఉండేది ఎర్రగుండ్రం. ఆకాశంలో ఎర్రచుక్క కనపడితే చాలు, మనోళ్ళే కాల్చేస్తారని, మా విమానాలన్నిటికీ ఎరుపు కనపడకుండా నీలం కొట్టించారు. చుట్టూ ముదురు నీలం, మధ్యలో లేతనీలం. అంతే. నా చేత కూడా కొట్టించారు. ఎరుపు పెట్టావంటే అది నా విమానం కాదు."

ఆయన అంత గట్టిగా మాట్లాడటం అమ్మ పోయాక అదే మొదటిసారి వినడం. సరే, ఎరుపు మీదా తెలుపు మీదా లేతనీలం వేస్తానన్నాను. సైన్‌బోర్డులు రాసే ఆయన దగ్గర చిన్న డబ్బాల్లో నీలం, తెలుపు తెచ్చి కలిపి పెట్టుకున్నాను.

మార్చి వచ్చింది. మాకున్న ఎకరన్నర కౌలుకిచ్చాం, కౌలురైతు మా వంతు మిరపకాయలు తెచ్చి మా వాకిట్లోనే కళ్ళం చేసి ఎండబోశాడు. ఊరంతా ఆ ఘాటే. తుమ్ముతూ, ముక్కు చీదుతూ ఇంజన్లకి ప్రొపెల్లర్లు అతికించాను. ఏప్రిల్‌లో ఎండిన కాయలకి తొడిమలు తీయడానికి నలుగురు ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. బడి అయ్యాక, ఆదివారాలు చర్చి అయ్యాక నేను కూడా కూర్చునేదాన్ని. వాళ్ళలో పెద్దామె ఒకామె, మా అమ్మ ఈడుది, ఒకరోజు వరండాలో ఉన్న విమానం చూసింది.

"ఎగురుద్దా టీచరమ్మా?"

"ఎగరదు పెద్దమ్మా."

"మరెందుకూ?"

"నాన్న చూడటానికి."

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది, "అది కాదమ్మా, కాయలు ఎండబోసినప్పుడు మాస్టారు చెప్పులతో కాయల మీద నుంచే నడుచుకుంటా పోయారు. ఎప్పుడూ అట్టా తొక్కే మనిషి కాదు."

"ఆయన కాయలు, ఆయనిష్టం. తొక్కితే నీకేంటి?" అన్నాను కస్సుమని. ఆమె తొడిమలు తీసుకుంటూ కూర్చుంది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

తొడిమలు తీసినవాళ్ళ చేతులు ఎలా మండుతాయో చేసినవాళ్ళకే తెలుస్తుంది. నీళ్ళు తగిలితే మంట ఇంకా రేగుతుంది, సబ్బు పెడితే చెప్పక్కర్లేదు. అందుకని మావైపు చేతులకి ఆముదం పట్టించి, పాతగుడ్డతో తుడుచుకొని, అంతటితో సరిపెడతారు. ఆపరేషన్‌కి ముందు ఆదివారం నేనూ అదే చేశాను. ఆముదం పట్టించుకున్నాను, గుడ్డతో తుడుచుకున్నాను, వరండాలోకి వచ్చి కూర్చొని గుండ్రాలు నాలుగూ జార్చి, ముడత రాకుండా ఒక్కోదాన్ని వేళ్ళతో గట్టిగా అదిమాను. పై భాగం ముదురు ఆకుపచ్చ, కింద బూడిదరంగు అప్పటికే వేసేశాను. మిగిలింది ఆ నాలుగు నీలం చుక్కలే. మంగళవారం పొద్దున ఆరింటి బస్సుకి గుంటూరు వెళ్ళాలి.

శనివారం నుంచి ఆ మూడు రోజులూ నేను మనిషిలాగా లేను. ఒకపక్క పరీక్ష పేపర్లు దిద్దడం, ఒకపక్క ఆసుపత్రికి సంచి సర్దడం. పొద్దునపూట తేదీ అడగడం కూడా మానేశాను, కాఫీ ఇచ్చి పరిగెత్తడమే. సోమవారం తెల్లవారగానే సన్నకుంచెతో నాలుగు చుక్కలూ వేసి, ఎండ తగిలే చోట పెట్టి బడికి వెళ్ళాను.

సాయంత్రం వచ్చి చెప్పులైనా విప్పకుండా చూశాను. రంగు బాగానే కనపడింది. ఆరిందా అని వేలితో తాకాను. నీలం మొత్తం ఉల్లిపొరలాగా లేచి వేలికి అంటుకొచ్చింది. కింద ఎర్రచుక్క, ఆముదం మెరుపుతో. రెండోది తాకాను. అదీ అంతే. నాలుగూ లేచిపోయాయి. ఎక్కడ తప్పు జరిగిందో నా వేళ్ళు వాసన చూసుకుంటే తెలిసింది. ఆముదం మీద రంగు నిలవదు. బండికి రంగు కొట్టే పిల్లవాడికి కూడా తెలిసే సంగతి అది, నాకు తెలియలేదు.

మళ్ళీ వేస్తే ఆరడానికి ఒక పూట పడుతుంది. అప్పటికి చీకటి. పొద్దున బస్సు. లోపల నుంచి నాన్న గొంతు.

"అయిందా అమ్మాయ్? తీసుకురా. వెలుతురుండగానే చూస్తాను."

దాచేద్దామా అనుకున్నాను. కింద పడేసి విరిగిపోయిందందామా అనుకున్నాను. ఎరుపు పెట్టావంటే అది నా విమానం కాదు అన్న మాట చెవిలో తిరుగుతోంది. తీసుకెళ్ళి, ఆయన రెండు చేతుల్లో పెట్టాను.

ఆయన ముందు షట్టర్లు తడిమాడు. గాడి చివర వంపు దగ్గర వేలు ఆపాడు. వెంట్రుక తీగని తెగకుండా తాకాడు. తర్వాత విమానాన్ని కుడికంటికి దగ్గరగా, ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టుకున్నాడు. బొటనవేలు సరిగ్గా రెక్క మీద ఎర్రచుక్క పక్కనే ఉంది.

"చూశావా," అన్నాడు. "ఎరుపు లేకపోతే ఎంత బాగుందో."

మొదట నా కంగారు తగ్గింది. తిట్టలేదు కదా అనిపించింది. ఒక్క క్షణం అంతే. ఆ తర్వాత ఆ బొటనవేలి పక్కన ఎరుపు మళ్ళీ చూశాను.

"నాన్నా," అన్నాను, "ఇవాళ తేదీ ఎంత?"

ఆయన గోడ వైపు తిరిగాడు. మెడ వంచాడు, కళ్ళు చిట్లించాడు, ఎప్పుడూ చేసినట్టే. "ఇరవైనాలుగు" అన్నాడు. నిజమే, ఆ రోజు ఇరవైనాలుగే. గోడ మీద మాత్రం ఇరవైఒకటి ఉంది. మూడు రోజులుగా నేను కాయితం చింపలేదు.

నేనేమీ మాట్లాడకపోయేసరికి ఆయనకి అర్థమైంది.

"కాయితం చింపలేదా?" అన్నాడు.

నిన్న ఇరవైమూడైతే ఇవాళ ఇరవైనాలుగని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. నాలుగు నెలలు నేను పెట్టుకున్న పరీక్ష అది. నేను టీచర్ని.

"ఎప్పటి నుంచి?" అని అరిచాను. చుట్టుపక్కల వాళ్ళకి వినపడేలాగే అరిచాను.

"కాయలు ఎండబోసిన రోజు," అన్నాడు. "వాకిట్లోకి వచ్చాను. నేల బూడిద పోసినట్టుగా ఉంది. కళ్ళం కడిగారేమోలే అనుకొని నడిచాను. కాళ్ళ కింద పటపటమన్నాక తెలిసింది, కాయలని. ఎరుపు ముందు పోయింది. తర్వాత వారంలో మిగతావీ పోయాయి. ఇప్పుడు గుమ్మం ఎక్కడుందో తెలుస్తుంది, నువ్వు అడ్డం వస్తే తెలుస్తుంది."

"ఆ రోజే చెప్పుంటే ఆ రోజే గుంటూరు వెళ్ళేవాళ్ళం కదా! నోరేమైంది నీకు?"

"చెబితే నువ్వు గుంటూరు, బెజవాడ, మద్రాసు తిప్పేదానివి. ఇది పెట్టెలో ఉండిపోయేది."

"ఉండిపోతే ఏమైంది? చూడలేని బొమ్మ కోసం చూపు పోగొట్టుకుంటావా? ఎవరు చూడటానికి కట్టించావు నా చేత?"

"నువ్వు చూడటానికే," అన్నాడు.

కోపంలో ఉన్నాను కాబట్టి ఆ మాట వెంటనే ఎక్కలేదు. ఆయన విమానాన్ని ఒళ్ళో పెట్టుకొని నిదానంగా చెప్పాడు, లెక్క రానివాళ్ళకి రెండోసారి చెప్పినట్టు.

"నేను తుడిచినవాటిల్లో ఒకటి తిరిగి రాలేదమ్మాయ్. డబ్బా, గుడ్డ పట్టుకొని పొద్దుగుంకిందాకా అక్కడే నిలబడ్డాను. అందులో వెళ్ళినవాళ్ళ పేర్లు కూడా నాకు తెలియదు, వాళ్ళకి నా పేరు తెలియదు. ఆ గాడులు మాత్రం తెలుసు. మిగిలినవాటిని యుద్ధం అయ్యాక అక్కడే పగలగొట్టారు. నాతో తుడిచినవాళ్ళు కూడా ఎవరూ లేరు ఇప్పుడు. నాకు మాత్రం కళ్ళు మూసినా తెరిచినా అలాగే కనపడుద్ది. నాతో పాటు అది కూడా పోతే ఎలా అనిపించింది. ఇంకొకళ్ళు చూసుండాలి. బొమ్మ కొని చూపిస్తే చూసినట్టు కాదు, ప్రతి ముక్కా చేత్తో పెడితేనే చూసినట్టు."

నేను ఏడ్చాను. ఆయన మీద కోపంతోనే ఏడ్చాను. ఇన్నాళ్ళూ నన్ను మోసం చేసినందుకు, నా మూర్ఖపు క్యాలెండరుకి, పెద్దామె చెప్పబోతే నోరు మూయించినందుకు. కాసేపటికి, ఎరుపు ఇంకా ఉందని, ఆముదం చేతులతో పట్టుకున్నానని చెప్పాను. ఆయన ముందు ఉలిక్కిపడ్డాడు. తర్వాత నవ్వాడు.

"మరి కూర్చున్నావేం? చేతులు కడుక్కో," అన్నాడు.

సబ్బుతో నాలుగుసార్లు కడుక్కున్నాను. మంటకి కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. గుండ్రాల మీద జిడ్డు సబ్బునీళ్ళ దూదితో తుడిచి, ఆరనిచ్చి, నాలుగు చుక్కలూ మళ్ళీ వేశాను. ఈసారి ఆయన ఏ ప్రశ్నలూ అడగలేదు. వేసినంతసేపూ కుర్చీలో కూర్చొని నా కుంచె చప్పుడు వింటున్నాడు.

మర్నాడు ఆరింటి బస్సుకి గుంటూరు వెళ్ళాం. ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక వెలుతురు తప్ప ఏమీ కనపడలేదు. "మార్చిలోనే వచ్చుంటే దక్కేదా డాక్టరుగారూ?" అని వసారాలో ఆయన్ని నిలబెట్టి అడిగాను. "చెప్పలేనమ్మా" అన్నాడు. ఆ మాట మీదే ఇన్నేళ్ళు బతికాను. దక్కేదేమో అని కొన్ని రోజులు, దక్కేది కాదులే అని కొన్ని రోజులు. ఇప్పటికీ తేలలేదు.

నాన్న ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఉన్నాడు. విమానం ముందుగదిలో అల్మారా మీద, పెట్టె ఉన్న చోటే ఉంది. ఎవరన్నా కొత్తవాళ్ళు వచ్చి "ఇదేంటి మాస్టారూ?" అని అడిగితే, మునుపటిలా గుడ్డపీలిక అని నవ్వేసేవాడు కాదు.

"మా అమ్మాయిని అడగండి," అనేవాడు. "ఆమె చూసింది."

వంటింట్లో ఏ పనిలో ఉన్నా చేతులు కడుక్కొని బయటికి వచ్చేదాన్ని. విమానాన్ని దించి వాళ్ళ ముందు పెట్టి, మావైపు విమానాలకి ఎరుపు ఉండేది కాదండీ, అని మొదలుపెట్టేదాన్ని.